మా పల్లె గుడి క్వయర్: పని డైరీ

జూన్, రెండో వారం

పాత క్వయర్ మాస్టారు కొడుకు దగ్గరికి హైదరాబాదు వెళ్ళిపోయాక మా చర్చి గుడిలో పాటల బృందం, అదే క్వయర్, పేరుకే మిగిలింది. ఆదివారం ఆరాధనలో కీబోర్డు తమ్ముడు పాట మొదలుపెడతాడు. ముందు వరసలో మైకులు పట్టుకున్న ముగ్గురు అందుకుంటారు. మిగతా సంఘమంతా ఎవరి శ్రుతిలో వాళ్ళు వెనకాల వస్తారు. మొన్న బల్ల ఆరాధన (రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ఆరాధన) అయ్యాక పాస్టరు అయ్యగారు పిలిచి, "టీచరమ్మా, సంగీతం నేర్చుకున్నావు కదా, క్వయర్ సంగతి నువ్వు చూడు" అన్నారు. నేను నేర్చుకుంది చిన్నప్పుడు నెల్లూరులో, కర్ణాటక సంగీతం, వర్ణాల దాకా. పదిమందిని ఒకచోట నిలబెట్టి పాడించింది లేదు. బడిలో పిల్లలకు లెక్కలు చెప్పడం తప్ప జనాన్ని అదుపులో పెట్టిన అనుభవమూ లేదు. అది చాలంటారు అయ్యగారు.

మాది కందుకూరు నుంచి సింగరాయకొండ వెళ్ళే దారిలో ఒక ఊరు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు కందుకూరుతో పాటు మేమూ నెల్లూరు జిల్లాలోకి వచ్చాం. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడక ముందు కూడా ఇది నెల్లూరే కాబట్టి మా పెద్దవాళ్ళు దాన్ని పెద్దగా పట్టించుకోలేదు. బాప్టిస్టు సంఘం. గుడి చిన్నది, పైన రేకులు.

ఒప్పుకునే ముందు సంఘ పెద్దలను రెండు అడిగాను. వారంలో ఒక గంటంబావు క్వయర్‌కి ఖాయం చెయ్యాలి. ఆదివారం పాడే పాటలేవో బుధవారానికల్లా నాకు తెలియాలి. రెండోదానికి అయ్యగారు వెంటనే సరే అన్నారు. మొదటిదే తెగలేదు. బుధవారం కాటేజ్ ప్రార్థన, గురువారం స్త్రీల సమాజం, శుక్రవారం ఉపవాస ప్రార్థన. తిప్పి తిప్పి శనివారం రాత్రి ఏడున్నరకు వచ్చి ఆగారు. "ఆ టైముకి ఇంట్లో వంట ఎవరు చేస్తారు?" అని ఒక అన్న అడిగాడు. "ఒక్క శనివారం నువ్వు చెయ్యి" అని వాళ్ళావిడే అంది. మీటింగు అక్కడితో ముగిసింది.

ఉన్న సామాను చూసుకున్నా. కీబోర్డు, డోలక్, మూడు మైకులు, రెండు స్పీకర్లు. బీరువా మీద దుమ్ములో ఒక హార్మోనియం ఉంది, తిత్తి చిరిగిపోయింది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాలు ఉన్నాయి కానీ సగానికి అట్టల్లేవు. నాకు ధైర్యం ఇచ్చింది ఆ పుస్తకమే. చాలా కీర్తనల నెత్తిన రాగం, తాళం వేసి ఉంటాయి. పల్లవి, అనుపల్లవి, చరణాలు అన్నీ నేను చదువుకున్న పద్ధతిలోనే ఉంటాయి. గీతల మీద చుక్కలు పెట్టి రాసే పాశ్చాత్య నొటేషన్ నాకు రాదు, ఈ ఊళ్ళో ఎవరికీ రాదు. కాబట్టి నాలుగు గొంతుల హార్మనీ (ఒకేసారి నాలుగు వేరు వరసలు పాడటం) గురించి ఇప్పట్లో మాట్లాడకూడదని మొదటి పేజీలోనే రాసిపెట్టుకున్నా.

జులై

గొంతు పరీక్ష అని చెబితే ఒక్కరూ రారు. అందుకని "పాడాలని ఉన్నవాళ్ళు శనివారం రండి, టీ ఉంటుంది" అని మాత్రమే ప్రకటన చెప్పించాను. వచ్చినవాళ్ళలో ఆడవాళ్ళే ఎక్కువ. యూత్ నుంచి కొందరు, సండే స్కూల్ దాటిన ఇద్దరు మగపిల్లలు, ఆర్టీసీలో డ్రైవరుగా చేసి రిటైరైన మామయ్య ఒకాయన, చదువు రాని పెద్దమ్మ ఒకామె.

ఒక్కొక్కరినీ పక్కకు పిలిచి, బాగా తెలిసిన కీర్తన ఒకటి పల్లవి వరకు పాడమన్నాను. తర్వాత అదే పల్లవిని కీబోర్డు మీద అర మెట్టు, అర మెట్టు పైకి జరుపుతూ పాడించాను. మెడ నరాలు లేచేచోట, గడ్డం పైకి ఎత్తేచోట ఆపి, దానికి ఒక మెట్టు కింద గీత పెట్టుకున్నా. కిందికీ అంతే. మాట గాలిలో కలిసిపోయేచోట ఆపాలి. ఒక్కొక్కరికి పట్టింది రెండు మూడు నిమిషాలే. ఈ నోటుబుక్కు పేజీ ఆ తర్వాత పనికొచ్చినంతగా ఇంకేదీ పనికిరాలేదు.

తేలిందేమంటే, ఆడవాళ్ళలో ఎక్కువమందివి మధ్యరకం గొంతులు. నిజంగా పైకి వెళ్ళేవి రెండే. ఒక పిన్నిది బాగా కింద గొంతు. ఇన్నాళ్ళూ పైస్థాయి అందక "నాకు పాట రాదు" అనుకుంటూ వెనక బెంచీలో కూర్చుంది ఆమె. మగవాళ్ళలో పైస్థాయి ఉన్నది కీబోర్డు తమ్ముడికి, అతనేమో వాయించాలి. మగపిల్లలిద్దరికీ గొంతు మారే వయసు. వాళ్ళను ఆపెయ్యమని కొందరన్నారు. ఆపలేదు. ఆ వయసులో మానేస్తే మళ్ళీ నోరు తెరవరు. వాళ్ళకు హాయిగా అందే నాలుగైదు స్వరాల్లోనే పాడమని, అందనిచోట ఊరికే పెదవులు కదపమని చెప్పాను.

ఆర్టీసీ మామయ్య సంగతి వేరు. గట్టిగా పాడతాడు, సంతోషంగా పాడతాడు, ఏ శ్రుతికీ అతకడు. ఇద్దరు ముగ్గురు నా దగ్గరికొచ్చి ఆయన్ని ఎట్టా మాన్పించాలో గుసగుసలాడారు. మాన్పించేది లేదన్నాను. ఆయన్ని నా స్వరానికి రమ్మనకుండా, ఆయన పాడుతున్న స్వరం ఏదో పట్టుకుని నేనే అక్కడికి వెళ్ళాను. ఇద్దరం ఒకే స్వరంలో కాసేపు "ఆ" అని నిలిచాక, అక్కడి నుంచి ఒక్క మెట్టు కలిసి పైకి. మళ్ళీ కిందికి. తన గొంతు పక్కవాడి గొంతుతో అతికినప్పుడు చెవికి ఎట్టా ఉంటుందో ఆయనకు ఇన్నాళ్ళూ ఎవరూ వినిపించలేదు. ఇప్పుడు శ్రుతి గట్టిగా పట్టే ఒక బాబాయి పక్కన నిలబెడుతున్నా. నెమ్మదిగా పాడమని చెప్పను. పక్కాయన గొంతు వినపడేంత నెమ్మదిగా పాడమంటాను. ఆయనకు ఆ మాటే ఎక్కుతుంది.

జులై చివర: శ్రుతి గొడవ

కీబోర్డు తమ్ముడు పాటలన్నీ యూట్యూబులో విని నేర్చుకుంటాడు. అక్కడ పాడేవాళ్ళు స్టూడియో గాయకులు. వాళ్ళు ఏ శ్రుతిలో పాడితే మనవాడూ అదే శ్రుతిలో మొదలుపెడతాడు. పల్లవి బాగానే ఉంటుంది. చరణం పైకి వెళ్ళేసరికి ఆడవాళ్ళు అరుస్తారు, మగవాళ్ళు సగం వరసలో కింది స్థాయికి జారిపోతారు.

ఒక కీర్తన ముందు పెట్టుకుని లెక్క చేశా. దాని కింది కొస మంద్రస్థాయి ప, పై కొస తారస్థాయి గ. తమ్ముడు వాయించేది రెండున్నర శ్రుతి (ఒకటి శ్రుతి అంటే స కీబోర్డు మీద సి దగ్గర, రెండున్నర అంటే డి షార్ప్ దగ్గర). అంటే పై గ వెళ్ళి, మధ్య సి మీదుండే సి దాటాక ఇంకో నాలుగు తెల్ల మెట్ల అవతల పడుతుంది. మా నోటుబుక్కు ప్రకారం అక్కడికి వెళ్ళగలిగింది ఇద్దరే. అదే కీర్తనను ఒకటి శ్రుతికి దించితే పై గ ఆ పై సి తర్వాత రెండో తెల్ల మెట్టు మీదికి వస్తుంది. కాస్త కష్టపడితే చాలామందికి అందుతుంది. ఇంకా దించుదామంటే కింద మంద్ర ప ఆడవాళ్ళకు మాయమైపోతుంది. కాబట్టి ఒకటి. ఒకటిన్నర పండగ రోజుకి.

తమ్ముడికి నచ్చలేదు. "అక్కా, అంత కిందికి దించితే పాట చచ్చిపోద్ది" అన్నాడు. అతను చెప్పేదానిలోనూ నిజముంది. పైస్థాయిలో ఉండే మెరుపు కిందికి దించితే కొంత తగ్గుతుంది. కానీ ఆ మెరుపు ఉన్నది రికార్డింగులో. మా గుడిలో ఉన్నది అరుపు. ఇద్దరం రాజీకి వచ్చాం. స నుంచి తార స వరకే నడిచే పాటలు అతనికిష్టమైన శ్రుతిలోనే ఉంటాయి. అంతకంటే పైకి ఎక్కేవాటికి నా లెక్క. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది కాబట్టి అతను వేళ్ళు మార్చుకోవాల్సిన పని కూడా లేదు. ప్రతి పాట పక్కన పెన్సిలుతో శ్రుతి నంబరు వేసేశాం. ఇప్పుడు ఆదివారం పొద్దున "ఎక్కడ తీసుకుందాం" అనే చర్చ లేదు.

ఆడవాళ్ళకు, మగవాళ్ళకు ఒకే శ్రుతి సరిపోదని సంగీతం నేర్చుకున్న ప్రతివాళ్ళకూ తెలుసు. విడిగా పాడితే మగవాళ్ళు ఒకటి, రెండు దగ్గర, ఆడవాళ్ళు ఐదు, ఆరు దగ్గర సుఖపడతారు. గుడిలో అందరూ ఒకే పాట ఒకేసారి పాడాలి. ఎవరికో ఒకరికి కొంచెం ఇబ్బంది తప్పదు. ఆ ఇబ్బంది ఎప్పుడూ ఒకే జట్టుకు రాకుండా పాటలు మార్చి మార్చి వేసుకోవడమే నేను చెయ్యగలిగింది.

ఆగస్టు: ఏడు, ఎనిమిది

ఇది రాయడానికి చాలా ఉంది.

కీర్తనల పుస్తకంలో త్రిపుట, చాపు తాళాల పాటలు బోలెడు. రెండూ మా లెక్కకు ఏడు అక్షరాలే, అంటే తాళం ఒక చుట్టుకు ఏడు దెబ్బలే. చాపైతే తకిట తకధిమి, మూడూ నాలుగూ. కీబోర్డులో ఉండే రిథమ్ స్టైల్సులో నాలుగు ఉంటుంది, మూడు ఉంటుంది, ఆరు ఉంటుంది. మా కీబోర్డులో ఏడు లేదు. తమ్ముడు ఏం చేస్తాడు? నాలుగు లెక్క స్టైల్ వేస్తాడు. అప్పుడు ఏడు అక్షరాల పాట ఎనిమిదిలో కూర్చోవాలి. ప్రతి ఆవర్తం (తాళం చుట్టు) చివరా ఒక అక్షరం సాగదీసి నింపుతారు. పాట కుంటుతుంది. కొన్ని పాటలను ఆరులో కుదించారు, వాటిలో మాటలు నలిగిపోయాయి. చిత్రమేమంటే, ఏళ్ళ తరబడి ఇట్టా పాడి పాడి సంఘంలో సగం మందికి ఎనిమిదే అసలు పాట అయిపోయింది.

ఇది నాకు తెలిసింది పెద్దమ్మ వల్ల. ఆమె అక్షరం చదవలేదు. కానీ కీర్తనలు అన్ని చరణాలతో నోటికొచ్చు. ఒక శనివారం కీబోర్డు రాకముందే వచ్చి కూర్చుని తనంతట తాను ఒక పాట పాడుకుంటా ఉంది, వేలితో మోకాలి మీద తట్టుకుంటా. నేను పక్కన కూర్చుని లెక్కపెట్టాను. శుద్ధమైన ఏడు. ఎక్కడా తొణకలేదు. "పెద్దమ్మా, ఇది ఎవరు నేర్పారు?" అంటే, "మా జేజి పాడేది" అంది. వాళ్ళ జేజి తాతను వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ముంచి బాప్తిస్మం ఇచ్చారని వాళ్ళింట్లో చెప్పుకుంటారు. ఒంగోలు మిషన్ క్లౌ దొరగారి కాలంలో, 1878 జులై 3న ఆ ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నచోటు అది. పెద్ద కరువు వెళ్ళిన ఏడాది. పుస్తకం పట్టుకుని పాడగలిగినవాళ్ళు ఆ పల్లెల్లో ఎంతమంది ఉంటారు? చెవితో విని, నోటితో అప్పజెప్పి నిలబెట్టుకున్న పాటలివి. తాళం కూడా అట్టనే నిలిచింది.

అప్పటినుంచి ఏడు పాటలకు మా గురువు పెద్దమ్మే. ముందు చప్పట్లు. మూడుకు ఒకటి, నాలుగుకు ఒకటి, పొట్టి చప్పట్టు, పొడుగు చప్పట్టు. పాట లేకుండా మాటలు మాత్రం ఆ చప్పట్ల మీద చదివించాను. తర్వాత స్వరం. డోలక్ వాయించే అబ్బాయికి ఇది అరగంటలో వచ్చేసింది. అతని చేతికి ఏడూ ఎనిమిదీ ఒకటే. కీబోర్డు తమ్ముణ్ణి ఈ పాటలకు స్టైల్ బటన్ ముట్టుకోవద్దని బతిమాలాను. స, ప పట్టుకుని కూర్చోమన్నాను. "మరి నేనెందుకక్కా?" అన్నాడు. అలిగాడు కానీ కూర్చున్నాడు.

ఆదివారం ఆరాధనలో ఏం చెయ్యాలన్నది అసలు ప్రశ్న. సంఘమంతా ఎనిమిదిలో పాడుతుంటే క్వయర్ ఏడులో పాడితే అది యుద్ధం అవుతుంది. బాబాయి ఒకాయన "తప్పు తప్పే, దిద్దాల్సిందే" అంటాడు. నేను ఒప్పుకోలేదు. వందమంది కళ్ళు మూసుకుని పాడుకునే పాటను మధ్యలో ఆపి లెక్క చెప్పే హక్కు నాకు లేదు. అందుకని సంఘం పాడే పాటలు సంఘం పాడుకున్నట్టే. కానుకల సమయంలో క్వయర్ ఒక్కటే పాడే పాట మాత్రం ఏడులో. విని విని వాళ్ళకే అలవాటైతే సరి. ఇప్పటికే స్త్రీల సమాజంలో ఇద్దరు ముగ్గురు చప్పట్లు మార్చారని పిన్ని చెప్పింది.

రాగం విషయంలో కూడా ఇట్టాంటిదే. పుస్తకంలో ఒక రాగం పేరు ఉంటుంది, మా ఊళ్ళో పాడే బాణీ ఇంకో రాగంలో ఉంటుంది. దానికి నేను పెన్సిలు పట్టుకోలేదు. ఊరి బాణీ ఊరిదే. తాళం పోతే మాటలు నలుగుతాయి కాబట్టి తాళం కోసం పోరాడతాను. రాగం మారినంత మాత్రాన పాటకు ఏ నష్టమూ కనపడలేదు.

సెప్టెంబరు

చెయ్యి. తొడ మీద తాళం వేసుకునే అలవాటు నాది. వెనక వరసకు నా తొడ కనపడదు కదా. చెయ్యి గుండెకు ఎదురుగా పెట్టి, నాలుగుకు కిందికి, లోపలికి, బయటికి, పైకి. మూడుకు కిందికి, బయటికి, పైకి. ఏడుకు ఒక పొట్టి దెబ్బ, ఒక పొడుగు దెబ్బ. అద్దం ముందు చేస్తుంటే మా పాప నవ్వి నవ్వి పడిపోయింది.

అన్నిటికంటే ముఖ్యం మొదటి దెబ్బకు ముందు వచ్చే దెబ్బ. పాట ఎత్తుగడకు ఒక అక్షరం ముందు నేను చెయ్యి ఎత్తి, నోరు తెరిచి ఊపిరి తీసుకోవాలి. నేను తీసుకుంటే వాళ్ళూ తీసుకుంటారు. అందరూ కలిసి ఊపిరి తీస్తే కలిసే మొదలవుతుంది. ఊపిరి తియ్యకుండా ఊరికే చెయ్యి ఊపితే ముగ్గురు ముందు, నలుగురు వెనక. ఆపేటప్పుడు కూడా అంతే, చెయ్యి మూసినప్పుడే మాట చివర.

శనివారం వరస ఇట్టా స్థిరపడింది. మొదటి పది నిమిషాలు గొంతు వేడెక్కించడం: నోరు మూసి "మ్" అనడం, పెదవులు బుర్రుమనిపిస్తూ స నుంచి ప దాకా ఎక్కి దిగడం. ఆర్టీసీ మామయ్య ఇందులో ఛాంపియన్, బస్సు స్టార్ట్ చేసినట్టే ఉంటుందని పిల్లలు పడీపడీ నవ్వుతారు. తర్వాత జంట స్వరాలు (సస రిరి గగ అన్నట్టు). నేను నేర్చుకున్నట్టు మాయామాళవగౌళ రాగంలో కాకుండా మోహన రాగంలో చేయిస్తున్నా. కారణం తర్వాత రాస్తా. ఆపైన కష్టమైన పాట, జనం అలసిపోకముందే. ఆఖర్న అందరికీ వచ్చిన పాట ఒకటి, ఇంటికి సంతోషంగా వెళ్ళడానికి.

మాటల మీద కూడా పని మొదలైంది. స్వరం నిలపాల్సింది అచ్చు మీద. "స్తోత్రము" అన్నప్పుడు అందరి "స్" వేరువేరుగా వస్తే గుడంతా పాము బుసకొట్టినట్టుంటుంది. పైగా సగం మంది "ఇస్తోత్రము" అంటారు. "స్"ని చాలా చిన్నగా, దెబ్బకు ఒక్క వెంట్రుక ముందు అని, దెబ్బ మీద "తో" పడాలి. పాత కీర్తనల భాష గ్రాంథికం, సంధులు ఎక్కువ. ఎక్కడ ఊపిరి తియ్యాలో తెలియక మాటను మధ్యలో నరికేస్తారు. అందుకే కొత్త పాట మొదలుపెట్టే ముందు అయ్యగారిని పిలిచి అర్థం చెప్పిస్తున్నా. అర్థం తెలిశాక ఊపిరి గుర్తులు వాళ్ళే పెట్టుకుంటున్నారు.

అక్టోబరు

ఈశాన్య రుతుపవనం వచ్చేసింది. రేకుల మీద వాన పడితే ప్రాక్టీసు లేనట్టే, నా గొంతు నాకే వినపడదు. ఇంకోపక్క పొగాకు నాట్లు. పొద్దంతా వంగి నారు నాటినవాళ్ళను రాత్రి ఏడున్నరకు నిలబెట్టి పాడించడం నావల్ల కాదు. కుర్చీలు వేశాం. రాలేనివాళ్ళకు వాట్సాప్ గ్రూపులో వాయిస్ నోటు పెడుతున్నా. తంబూరా యాప్ మీద శ్రుతి పెట్టి, ముందు మాటలు మెల్లగా చదివి, తర్వాత పాడి, ఒక్కో చరణం విడివిడిగా. చదువు రానివాళ్ళకు కాగితం కంటే ఇదే మేలు. కళ్ళజోడు వాళ్ళ కోసం చార్టు పేపరు మీద పెద్దక్షరాలతో రాసి గోడకు తగిలించాం.

ఇక మోహన సంగతి. రెండో గొంతు ఎప్పుడు అని యూత్ వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. అందరికీ ఒకే పాట నిలబడకముందు రెండు గొంతులంటే గందరగోళమే. అయినా ఆశ చావకూడదని రెండు చిన్న దారులు వెతికా.

మొదటిది వెంటపాట. ఆడవాళ్ళు మొదలుపెట్టిన ఒక ఆవర్తం తర్వాత మగవాళ్ళు అదే వరస మొదటి నుంచి ఎత్తుకోవాలి. ఎవరూ కొత్తది నేర్చుకోనక్కర్లేదు. మోహనలో ఇది అందంగా కుదురుతుంది. స రి గ ప ద, ఈ ఐదింటిలో ఏ రెండూ అర మెట్టు దూరంలో ఉండవు. అందుకని ఏ స్వరం మీద ఏ స్వరం పడినా చెవికి గుచ్చుకోదు. మాయామాళవగౌళలో ఇదే చేస్తే స మీద శుద్ధ రి పడి పళ్ళు గిట్టకరుస్తాయి. వేడెక్కించే స్వరాలు మోహనలో పెట్టింది ఇందుకే. తెలియకుండానే వెంటపాట వాళ్ళకు సగం వచ్చేసింది.

రెండోది తంబూరా గొంతు. మగవాళ్ళలో కొందరు స, కొందరు ప పట్టుకుని "ఆ" మీద నిలబడతారు. ఊపిరి ఒకేసారి తియ్యకూడదు, ఒకరి తర్వాత ఒకరు దొంగతనంగా తీసుకోవాలి. ఆ పీట మీద ఆడవాళ్ళ పాట నడుస్తుంది. గమకాలున్న రాగాలకు కీబోర్డు కార్డ్స్ (ఒకేసారి నొక్కే స్వరాల గుంపులు) వేస్తే స్వరం వంగేచోట రెండూ కొట్టుకుంటాయి. స, ప మాత్రం ఏమీ అనవు. పెద్ద చర్చిల క్వయర్లు నాలుగు గొంతుల్లో పాడటం విన్నాను, గొప్పగా ఉంటుంది. మా గొంతులకు, మా పాటలకు ఇది నప్పుతుందని నా నమ్మకం. పైగా ఆర్టీసీ మామయ్యకు స దొరికింది. ఒక్క స్వరం, వదలకుండా. ఆయనంత నిలకడగా ఇప్పుడు ఎవరూ నిలపడం లేదు.

నవంబరు: మైకులు

క్వయర్ ఎంత బాగా పాడినా గుడిలో వినపడేది మైకు పట్టుకున్న ముగ్గురే. మైకు చేతిలో ఉండటం ఒక హోదా, తీసుకుంటే కోపాలు. అందుకని "అందరికీ మైకు" అని ప్రచారం చేశా. రెండు మైకులు స్టాండ్లకు బిగించి, ముందు వరసకు మూడు నాలుగు అడుగుల దూరంలో, తలలకు కాస్త పైన, కిందికి వంచి పెట్టాం. రెండు మైకుల మధ్య దూరం, మైకుకూ పాడేవాళ్ళకూ ఉన్న దూరానికి కనీసం మూడు రెట్లు ఉండాలి. లేకపోతే ఒకే గొంతు రెండు మైకుల్లో పడి బోలుగా వినిపిస్తుంది. స్పీకర్లు మైకుల వెనక ఉంటే కీచుమంటాయి కాబట్టి వాటిని సంఘం వైపు ముందుకు జరిపాం. గాలి నేరుగా మైకుల మీద పడే ఫ్యాను ఆపాం. దీనికి మాత్రం ముందు బెంచీ వాళ్ళు ఇంకా గొణుగుతున్నారు.

తర్వాత ఎకో. మా సౌండ్ తమ్ముడికి ఎకో అంటే ప్రాణం. ఒక్కడు పాడితే అది దాచిపెడుతుంది, పదిమంది పాడితే మాటలన్నీ ముద్ద చేస్తుంది. తగ్గించమంటే మొహం మాడ్చుకున్నాడు. ఫోనులో రికార్డు చేసి రెండు రకాలూ వినిపించాక కొంచెం తిప్పాడు. ప్రసంగం మొదలైతే మళ్ళీ పెంచేస్తాడు, అది అయ్యగారు చూసుకుంటారు.

డిసెంబరు

సెమీ క్రిస్మస్ (పండగకు ముందే గుడిలో చేసే కార్యక్రమం) ముందా, ఇల్లిల్లూ తిరిగే క్యారల్స్ ముందా? ఏటా క్యారల్సే ముందు. మంచులో అర్ధరాత్రి దాకా డోలక్ మీద అరిచి అరిచి సెమీ క్రిస్మస్ నాటికి అందరికీ గొంతు పోతుంది. ఈసారి సెమీ క్రిస్మస్ ముందుకు జరపమని అడిగాను. పెద్దలు ఒప్పుకోవడానికి రెండు మీటింగులు పట్టింది. యూత్ వాళ్ళకు మాత్రం క్యారల్స్‌లో ఎవరి గొంతు బొంగురుపోతే వాళ్ళు తాళం వెయ్యాలి, పాడకూడదు అని రూలు పెట్టా. గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి అనుకుంటారు. కాదు, అదీ శ్రమే. నోరు మూసుకోవడమే మందు. మిరియాల పాలు ఎవరి నమ్మకం వాళ్ళది.

పాడింది రెండు పాటలు. ఒకటి ఏడు తాళం కీర్తన, తంబూరా గొంతుతో. రెండోది నాలుగు లెక్క క్రిస్మస్ పాట. దానికి కీబోర్డు తమ్ముడికి స్టైల్, బ్రాస్, ఏది కావాలంటే అది వేసుకోమన్నాను. ఇన్ని నెలల అలక ఆ ఒక్క పాటతో తీరింది.

రికార్డింగు విన్నాను. కీర్తన మొదటి చరణం నేను అనుకున్నట్టే వచ్చింది. మూడో చరణానికి వేగం పెరిగింది. టెన్షన్ పడితే అందరూ పరిగెత్తుతారు. నా చెయ్యి చూసినవాళ్ళు ముందు వరసలో నలుగురే, మిగతావాళ్ళు కాగితాలు చూస్తున్నారు. శ్రుతి కూడా చివరికి కొంచెం కిందికి జారింది, దాదాపు పావు మెట్టు. కీబోర్డు స, ప మరీ చిన్నగా పెట్టించడం వల్ల వెనక వరసకు అది అందలేదు. వచ్చేసారి చిన్న స్పీకరు ఒకటి వెనక పెట్టాలి. ఇంకొకటి, పాటలు కాగితం లేకుండా రావాలి. పెద్దమ్మ ఎప్పుడూ నా చేతినే చూస్తుంది, ఆమె చేతిలో కాగితం లేదు కాబట్టి.

ఆరాధన అయ్యాక సింగరాయకొండ నుంచి వచ్చిన చుట్టాలొకరు, "ఈ పాట మా గుడిలో వేరేగా పాడతారే" అన్నారు. పెద్దమ్మ అక్కడే ఉంది. "మీరు ఒకటి ఎక్కువ పాడతారమ్మా" అంది.

జనవరి, మొదటి వారం

శ్రమ దినాల (ఈస్టరుకు ముందు వచ్చే రోజుల) పాటలు ఇప్పుడే ఎంచుకోవాలి. అప్పటికి పొగాకు బ్యారన్ల (ఆకును వేడితో ఆరబెట్టే కొట్టాల) దగ్గర ఆకు కాల్చే పని నడుస్తుంటుంది. మగవాళ్ళలో చాలామంది రాత్రంతా అక్కడే, మంట చూసుకుంటూ. తంబూరా గొంతుకు మనుషులు ఉండరు. అందుకే హార్మోనియం బయటికి తీశాం. ఒంగోలులో తిత్తి మార్పిస్తామని స్త్రీల సమాజం డబ్బు ఇచ్చింది. స, ప అది పట్టుకుంటుంది. శ్రమ దినాల కీర్తనలు ఎలాగూ నెమ్మది, కింద స్థాయిలో నడిచేవి. కింద గొంతు పిన్నితో ఒక చరణం ఒంటరిగా పాడించాలని ఉంది. అడిగితే "నేనా?" అని రెండు చేతులూ అడ్డం పెట్టింది. వద్దని మాత్రం అనలేదు.

మట్టల ఆదివారానికి సండే స్కూల్ పిల్లలతో వెంటపాట. మగపిల్లలిద్దరిలో ఒకడి గొంతు దాదాపు కుదురుకుంది, నోటుబుక్కులో వాడి పేజీ మళ్ళీ రాయాలి. పుస్తకాలకు అట్టలు వెయ్యాలి. రేకుల కింద సీలింగు సంగతి పెద్దల మీటింగులో పెట్టాలి, వచ్చే వానల లోపు.

శనివారం ఏడున్నరకే. వంట సంగతి అడిగిన అన్న కూడా ఈ వారం నుంచి వస్తానన్నాడు. అతనికి ముందు గొంతు చూడాలి.